పండగ పూట నాకిచ్చిన విశ్రాంతి

నన్ను ఫ్రిజ్ అని పిలిచేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. కూరలూ పాలూ దాచుకునే ఆ పెట్టెలతో నాకేం చుట్టరికం? నేను ఒక డీప్ ఫ్రీజర్ని. సున్నాకి ఎనభై డిగ్రీల కింద నా కాపురం. నా కడుపులో ఒట్టి చెయ్యి పెడితే వేళ్ళ తోలు ఊడొస్తుంది. ఈ సముద్రపు ఊళ్ళో, వైద్య కళాశాల పరిశోధన భవనంలో, మేడ మీద వరండా చివరి గదిలో ఇన్నేళ్ళూ నిలబడే చాకిరీ చేశాను. ఆదివారం లేదు, ఎండాకాలం సెలవుల్లేవు.

నన్ను ఎక్కడో చలిదేశంలో చేశారు. బయట మంచు కురుస్తుంటే లోపల కూర్చుని చలిపెట్టెలు తయారుచేసి, చెమటలు కక్కే ఊళ్ళకి పంపడం మనుషుల తెలివితేటల్లో ఒకటి. ఓడ దిగి, లారీ ఎక్కి వచ్చాను. తీరా చూస్తే లిఫ్టులో పట్టలేదు. హమాలీలు తిట్టుకుంటూ మెట్ల మీదుగా మోసుకొచ్చారు. గది గుమ్మంలోనూ పట్టకపోతే గుమ్మమే పగలగొట్టారు. కొనేముందు కొలత చూడాలని అంతమంది డాక్టర్లలో ఒక్కరికీ తోచలేదు మరి.

వచ్చిన రోజు నుంచే నా అరల కోసం కొట్లాట. పై అర గుండె విభాగానిది, దాని కింద కిడ్నీ వాళ్ళది, ఆ కింద పిల్లల డాక్టర్లది, అడుగున కంటి వాళ్ళది. పసికందుల బొడ్డు రక్తం, కంట్లోంచి తీసిన నీటిచుక్క, అన్నీ నా దగ్గరే. ఎవరి పరిశోధన వాళ్ళకి గొప్ప. గుండె విభాగం పెద్ద డాక్టర్ పార్వతీశం గారు మాత్రం ఖాళీ డబ్బాలు పేర్చి, వాటి మీద 'ముట్టరాదు' అని రాయించి ఉంచారు. బస్సులో సీటుకి రుమాలు వేసినట్టన్నమాట. రుమాలు అలాగే ఉండిపోయింది గానీ మనిషి వచ్చి కూర్చోలేదు. ఈ భవనమంతటికీ ఆయనే పెద్ద కాబట్టి అడిగేవాళ్ళు లేరు.

కిడ్నీ వాళ్ళ అర హైమవతిది. పీజీ పూర్తయిన కొత్తలో చేరింది. సముద్రం వెంబడి పల్లెల్లో షుగరూ బీపీ ఏమీ లేని కష్టజీవులకి కిడ్నీలు పాడైపోతున్నాయి. ఎందుకో ఎవరికీ తెలియదు. ఆ పిల్ల ఊరూరా తిరిగి, నిక్షేపంలా ఉన్నవాళ్ళ దగ్గర రక్తం తీసుకొచ్చి నా కడుపులో పెట్టింది. "జబ్బు లేనివాళ్ళ రక్తం నీకెందుకమ్మా?" అని పార్వతీశం గారు నవ్వారు.

"వీళ్ళలో కొందరికి రేపు జబ్బు వస్తుంది సార్. వచ్చేముందు రక్తంలో ఏం మారిందో అప్పుడు వీటిలో చూడొచ్చు" అంది హైమవతి.

అలా ఎదురుచూస్తూనే ఆ పిల్ల జుట్టు నెరిసింది. ఆమె అన్నంతా జరిగింది పాపం. కొందరు మంచాన పడ్డారు, కొందరు పోయారు. పోయినవాళ్ళ దగ్గరికెళ్ళి ఇంకోసారి రక్తం అడగలేం కదా. అందుకే ఆ అర ఆమెకి ప్రాణం.

అలా పోయినవాళ్ళలో దాలయ్య ఒకడు. అతని భార్య సన్నెమ్మ తన పరీక్షల కోసం ఆస్పత్రికి వచ్చినప్పుడల్లా మెట్లెక్కి నా దగ్గరికి వచ్చేది. "మా ఆయన రగతం ఇందులోనే ఉన్నాదా అమ్మా?" అని అడిగేది. ఉందని హైమవతి అనగానే నా తలుపు మీద అరచెయ్యి ఆనించేది. లోపల నా మోటారు గుర్రుమంటుండేది. "సచ్చినోడు, నిద్దరోతే ఇలాగే గుర్రెట్టీవోడు" అని నవ్వేది. తర్వాత కాసేపు నవ్వేది కాదు. నాకు ఇన్నేళ్ళలో దొరికిన ఆప్యాయత అంటే ఆ చెయ్యే. మిగతావాళ్ళంతా తలుపు ధడాలున వేసి పోయేవాళ్ళే.

మొన్న దసరాకి ముందు ఆ రక్తాన్ని పరీక్షించడానికి అన్నీ సిద్ధమయ్యాయి. హైమవతికి ఒక్క రోజు కూడా ఆగాలని లేదు. పార్వతీశం గారే వినలేదు. "ఇన్నేళ్ళు ఆగావు, పండగ దాకా ఆగలేవా తల్లీ? విజయదశమి వెళ్ళగానే మొదలుపెట్టు, తిరుగుండదు" అన్నారు. పెద్దాయన మాట కాదనలేక ఆమె తలూపి, ఆ నాలుగు రోజులూ పల్లెల్లో వైద్య శిబిరానికి వెళ్ళింది.

ఆయుధపూజ మా భవనంలో ఏటా ఘనంగా చేస్తారు. సూక్ష్మదర్శినులకి పసుపు, త్రాసులకి కుంకుమ, నాకు బంతిపూల దండ. హైమవతి ఏటా నా పక్కనే నిలబడి, దండ వేసుకోండి గానీ స్విచ్చు జోలికి వెళ్ళకండి అనేది. ఈసారి ఆమె లేదు.

"పూజ చేసి, పక్కనే చాకిరీ చేయిస్తే ఫలం ఏముంటుందయ్యా? ఇవాళ యంత్రాలకి విశ్రాంతి. ఆపండి" అన్నారు పార్వతీశం గారు.

"మేడమ్ గారు దీన్ని ఆపొద్దన్నారు సార్" అన్నాడు అటెండరు పైడిరాజు.

"ఒక్క గంటకి ఏమైపోతుందయ్యా? లోపలి చలి లేచి ఎక్కడికైనా పోతుందా? హారతి అయ్యాక పెట్టేద్దువులే."

పైడిరాజు ప్లగ్గు పీకాడు. నేను ఊరుకుంటానా? నాలో చిన్న బ్యాటరీ ఉంది, కరెంటు పోతే కూత పెడతాను. పెట్టాను. "మంత్రాలు వినబడ్డం లేదయ్యా" అంటూ పార్వతీశం గారు స్వయంగా వచ్చి నా నోరు నొక్కేశారు. హారతి అయింది. ఇంతలో కాలేజీ బస్సు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలని పైడిరాజుని కిందికి తరిమారు. అతను అటునుంచి అటే పులిహోర పొట్లం పట్టుకుని ఇంటికెళ్ళిపోయాడు. గది తాళం పడింది.

నిజం చెప్పనా? హాయిగా అనిపించింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా మోటారు నిశ్శబ్దంగా ఉంది. కీళ్ళన్నీ వదులయ్యాయి. ఏళ్ళ తరబడి ఈ నిద్ర కోసమేగా ఏడ్చింది! ఆ మర్నాడూ సెలవే. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి నా మీద పడింది. నా కడుపులో మంచు ఒక్కొక్క చుక్కే జారడం మొదలైంది. అప్పటిగ్గానీ నాకు నిద్ర వదల్లేదు. ఏం లాభం? నోరు లేదు.

సెలవులవగానే హైమవతి పరుగున వచ్చింది. గుమ్మం దాకా పారిన నీళ్ళు చూసి ఆగిపోయింది. తలుపు తెరిచి ఒక సీసా తీసి అటూ ఇటూ వంచింది. లోపల రక్తం కదిలింది. ఇంకొకటి తీసింది. అదీ కదిలింది. ఆ నీళ్ళల్లోనే నేల మీద కూలబడింది. పార్వతీశం గారు వచ్చి, "కరెంటు పోయిందని పైకి చెబుదాం తల్లీ, ఎవరికీ మాట రాదు" అన్నారు. ఆయన డబ్బాలు ఎప్పట్లా ఖాళీగా, పొడిగా ఉన్నాయి. మళ్ళీ ప్లగ్గు పెట్టి చూశారు. నా మోటారు ఒకసారి మూలిగి ఊరుకుంది. అదే ఆఖరు.

పనికిరానిదని తేల్చి నన్ను వరండాలోకి నెట్టారు. తలుపు మీద కుంకుమ బొట్టు మాత్రం అలాగే ఉంది. ఆ వారమే సన్నెమ్మ వచ్చింది. అలవాటుగా నా మీద చెయ్యి ఆనించింది.

"గుర్రు ఆగిపోనాదేటమ్మా?"

హైమవతి వచ్చి నా పక్కన నిలబడింది. కరెంటు మాట చెప్పేస్తుందేమోనని నాకు భయం వేసింది. చెబితే ఆ ముసల్ది నమ్మేది కూడా.

"ఆయుధపూజకి ఆపేశారమ్మా. మళ్ళీ పెట్టడం మర్చిపోయారు. మీ ఆయన రక్తం పాడైపోయింది. అందరిదీ పోయింది. నేను ఇక్కడ ఉండాల్సింది. లేను" అంది.

సన్నెమ్మ చాలాసేపు చెయ్యి తియ్యలేదు. "పండక్కి ఆపినారా?" అంది చివరికి. "పోన్లేమ్మా. బతికున్నన్నాళ్ళూ ఆ పండగొక్కరోజే పని మానీవోడు. మిగతా దినాలు నీళ్ళు తాగడానికి కూడా ఆగీవోడు కాడు."

పైట చెంగుతో నా తలుపు మీది దుమ్ము తుడిచింది. బొట్టు చెరగకుండా చుట్టూ తుడిచింది. తర్వాత హైమవతి వైపు తిరిగి, "మా చిన్నోడికింకా ఏ జబ్బూ నేదు. కిందున్నాడు, పిలుస్తానుండు. మళ్ళీ తియ్యి" అంది.

"మళ్ళీ ఏళ్ళు పడుతుందమ్మా. అప్పటికి నేను రిటైరైపోతాను."

"నువ్వు కాపోతే ఇంకోలు సూస్తారు. తియ్యమ్మా."

పాత సామాన్ల బండి రేపో మాపో వస్తుందట నా కోసం. రానీ. కొత్త ఫ్రీజరు ఇంకా రాలేదు, దాని కొలతైనా ఈసారి చూశారో లేదో. హైమవతి ఇవాళ పొద్దున్నే ఐసుపెట్టె ఒకటి తెచ్చుకుని, సన్నెమ్మ కొడుకుని మళ్ళీ రమ్మని పక్క గదిలో కూర్చోబెట్టింది. తలుపు తీసే ఉంది.

"పిడికిలి బిగించు బాబూ" అంటోంది, గొంతు బాగా అలిసిపోయి ఉంది. "ఇంకొంచెం గట్టిగా."