నాలుగో గొంతుకి కుర్చీ

జోజిబాబు హార్మొనీ బటన్ నొక్కగానే నా గొంతు నాలుగవుతుంది. నాలుగోది కూర్చోడానికి కుర్చీ అడుగుతుంది.

జోజిబాబు లేచి కుర్చీ తెచ్చి వేస్తాడు. దానిమీది దుమ్ము తువ్వాలుతో దులుపుతాడు. మళ్ళీ వచ్చి కీబోర్డు ముందు కూర్చుంటాడు.

సామర్లకోటలో ఎరువుల కొట్టు మేడమీద మా ఆర్కెస్ట్రా ప్రాక్టీసు గది. నేను ఇరవై రెండేళ్ళుగా పెళ్ళిళ్ళలో పాడుతున్నాను. జోజిబాబు ఆరేళ్ళుగా నా పాటకి వాయిస్తున్నాడు. ఈ కొత్త కీబోర్డు మొన్ననే తెచ్చాడు. దీని వెనక మైకు గుచ్చి నేనొక్కదాన్నే పాడితే, అతను నొక్కిన మెట్లని బట్టి నా గొంతే పైన ఒకటి, కింద ఒకటి వచ్చి కలుస్తుంది. అంటే ముగ్గురం ఉండాలి. కళ్ళు మూసుకుని లెక్కపెడతాను. నలుగురం ఉన్నాం.

“నాలుగోది ఎవరిది జోజీ?”

“మీదేనక్కా. కాపోతే ఆవిడ నిలబడి పాడలేరంట.”

“నీకెలా తెలుసు?”

“మాన్యువల్లో రాశారండి.”

మాన్యువల్ చూపించమంటాను. ఇంట్లో ఉందంటాడు. ఆ మాట అనేముందు అతని కళ్ళు ఒక్కసారి కుర్చీ దాకా వెళ్ళి వస్తాయి, అడిగి చెబుతున్నట్టు. అక్కడే నాకు అనుమానం మొదలవుతుంది.

ఇంకోసారి పాడతాను, ఈసారి వినడానికి. పైగొంతు, కిందగొంతు నేను ఊపిరి తీసుకున్నచోట ఆగిపోతాయి. నాలుగోది ఆగదు. నేను పాడుతున్నంతసేపూ సన్నగా, వెనకగా ఉంటుంది. నేను ఊపిరి తీసుకునే సందులో నిండుగా పైకొస్తుంది.

మైకు తీగ పీకేస్తాను. అది కూనిరాగం తీస్తూనే ఉంటుంది.

“ఎకో అక్కా. తగ్గిపోద్ది.”

తగ్గదు. నేను చెప్పులేసుకుని కిందికి దిగుతాను. రోజూ పదహారు మెట్లు. ఇవాళ ఇరవై మూడు. ఒక్కో మెట్టు ముందరి దానికన్నా మంద్రంగా మోగుతుంది. ఆఖరి మెట్టు చెవికి వినపడదు, మోకాలికి తెలుస్తుంది.

ఇంటికెళ్ళేసరికి మా ఆయన రంగనాయకులు రెండు కంచాలు కడిగి ఎదురెదురుగా పెట్టి ఉంచుతారు. తనది అప్పటికే తినేసిన కంచం, పక్కన బోర్లించి ఉంది. మా ఆయన వాచీలు బాగుచేస్తారు. అబద్ధమాడే అలవాటు లేదు.

“రెండో కంచం ఎవరికండీ?”

“నువ్వే కదా ఫోన్ చేసి చెప్పావు, ఇద్దరం వస్తున్నామని.”

“నేను ఫోన్ చెయ్యలేదు.”

“నీ గొంతే తాయారూ. కాకపోతే తీరుబడిగా ఉంది.” కాస్త ఆలోచించి, “బావుంది,” అంటారు.

ఆ ‘బావుంది’ని నేను అన్నంలో కలుపుకుంటాను. మింగుడుపడదు.

మర్నాడు పెద్దాపురం నుంచి బలుసు వీర్రాజు గారు ప్రాక్టీసు గదికి వస్తారు. ఆదివారం వాళ్ళమ్మాయి పెళ్ళి, మధ్యాహ్నం భోజనాల దగ్గర మా పాటకచేరి. ఆయన నాకు నమస్కారం పెడతారు. తర్వాత కుర్చీకి ఇంకాస్త వంగి పెడతారు.

“మొదటి పాట ఆవిడ చేత పాడించాలండి. మా అమ్మాయి మరీమరీ చెప్పింది.”

“ఆవిడంటే?”

ఆయన ఇబ్బందిగా నవ్వుతారు, ఎదురుగా కూర్చున్న మనిషిని ఎవరని నేను అడిగినట్టు. “మీరు కూడా పాడండమ్మా, తర్వాత,” అంటారు.

ఇరవై రెండేళ్ళలో నన్ను ఎవరూ ‘కూడా’ అనలేదు.

ఆయన వెళ్ళాక జోజిబాబుని వొకోడర్ పెట్టమంటాను. వొకోడర్‌లో మాట మనం మైకులో మాట్లాడతాం, గొంతు మాత్రం కీబోర్డుది. అతను ఏ మెట్లు నొక్కితే మన మాట ఆ మెట్లమీద పలుకుతుంది. నా గొంతుతో పని లేనిచోట ఆ నాలుగోదాన్ని పట్టుకోవచ్చని నా ఆలోచన.

“ఎవరు నువ్వు?” అంటాను మైకులో.

నా ప్రశ్న మూడు మెట్లమీద ఇనుప రేకులా మోగుతుంది. ఆ మోతలోంచి జవాబు వస్తుంది. “నువ్వు ఊపిరి తీసుకున్నప్పుడు పాట ఎప్పుడైనా ఆగిందా?”

“లేదు.”

“మరి అప్పుడు ఎవరు పాడారు?”

నేను ఆలోచిస్తాను. “దానికి సాక్ష్యం ఏదీ?”

“విన్నవాళ్ళందరూ సాక్ష్యమే. నువ్వే వినలేదు. ఊపిరి పనిలో ఉన్నావు.”

నేను జోజిబాబు పెదాలు చూస్తాను. కదలవు. మరీ కదలకుండా ఉన్నాయి. ఏమీ దాచని మనిషి పెదాలు కాస్తయినా కదులుతాయి.

“నీకేం కావాలి?”

“ఒక పాట. మొదట్నుంచి చివరిదాకా. అంతసేపూ నువ్వు ఊపిరి లోపలికి తీసుకుంటూ ఉండాలి.”

“తీసుకుంటూనే ఉంటే వదిలేదెప్పుడు?”

“అది పాటలో లేదు,” అంటుంది. జోజిబాబు మెట్లమీంచి చేతులు తీసేస్తాడు.

నేను ఒక నిర్ణయానికి వస్తాను. సందు ఉంటేనే కదా అది పాడేది. సందు ఇవ్వను. పాటంతా ఒక్క ఊపిరిలో పాడేస్తాను.

మూడు రోజులు ఇంట్లో సాధన చేస్తాను. మా ఆయన వాచీ పట్టుకుని కూర్చుంటారు. మొదటిరోజు నలభై సెకన్లు. రెండోరోజు నిమిషన్నర. మూడోరోజు నాకు కళ్ళు బైర్లు కమ్ముతుంటే “నాలుగు నిమిషాలు, శభాష్” అంటారు. నాకు నమ్మకం కుదరదు. వాచీ లాక్కుని చూస్తాను. సెకన్ల ముల్లు ఏడు అంకె మీద కదలకుండా చేరగిలబడి ఉంది.

“మీరు ఎవరి పక్షం?”

“నాకు రెండు గొంతులూ వంటింట్లోంచే వినపడతాయి. పక్షం ఎలా చెప్పను?” అంటారు. ఆయన ముఖంలో బెంగ కనిపిస్తుంది. దాన్ని కూడా నేను అనుమానంగానే చూస్తాను.

ఆదివారం. పెద్దాపురం కల్యాణమండపం. బంతులు వేశారు, వడ్డన మొదలైంది. స్టేజీ మీద కుర్చీ నాకన్నా ముందే ఉంది, దానికి తెల్లటి గుడ్డ కట్టి ఉంది. పెళ్ళికూతురు భర్త పక్కన కూర్చుని అటే చూస్తోంది.

జోజిబాబు హార్మొనీ బటన్ నొక్కకముందే నేను పాట అందుకుంటాను.

పల్లవి అయిపోతుంది. ఊపిరి తియ్యను. మొదటి చరణం అయిపోతుంది. తియ్యను. రెండో చరణం ఎంతకీ రాదు. మండపం పొడుగవుతోంది. చివరి బంతిలో వాళ్ళు ఆవగింజలంత కనిపిస్తున్నారు, అయినా వాళ్ళు ‘ఇంకాస్త పప్పు’ అనడం నాకు స్పష్టంగా వినిపిస్తోంది. మండపం సాగినకొద్దీ పాట కూడా సాగుతోంది. నా పక్కటెముకలు ఒకటొకటిగా లోపలికి ముడుచుకుంటున్నాయి.

జోజిబాబు మైకుకి దూరంగా వంగుతాడు. “తీసుకోండక్కా. మీకు దండం పెడతాను. పడిపోతారు.”

అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఎవరికోసం ఈ నీళ్ళని అడగాలి. అడగడానికి ఊపిరి కావాలి.

తీసుకుంటాను.

అది పాడుతుంది.

మొదటిసారి వింటాను. నాకన్నా బాగా ఏమీ లేదు. కాస్త బరువుగా ఉంది, అక్కడక్కడ బొంగురు. కానీ దేనికీ కంగారుపడదు. ప్రతి మాట దగ్గరా, ఆ మాటకి తను తప్ప ఎవరూ లేరన్నట్టు ఉంటుంది. విస్తళ్ళ ముందు చేతులు ఆగిపోతాయి. పెళ్ళికూతురు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. దూరంగా, స్తంభం పక్కన, మా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. పెళ్ళినాటి నుంచీ ఆయన నా పాటకి ఇలాగే కళ్ళజోడు తుడుచుకుంటారు. నేను చూసి మురిసిపోయేదాన్ని. ఎవరికి తుడుచుకున్నారో ఇప్పుడు లెక్క తేలదు.

నా ఊపిరి ఇంకా లోపలికే వస్తోంది. మల్లెపూల వాసన వస్తుంది. సాంబారు వాసన వస్తుంది. తర్వాత వీధి, వీధి చివర దుమ్ము. తర్వాత చల్లటి బురద వాసన.

గుమ్మం వైపు చూస్తాను. గోదావరి కాలువ లేచి వచ్చి గుమ్మంలో నిలువుగా నిలబడి ఉంది, ఒక్క చుక్క కారకుండా. వీర్రాజు గారు ఎదురెళ్ళి దానిమీద పన్నీరు చల్లుతారు. “భోంచేసి వెళ్ళాలండి,” అంటారు. జనం కాళ్ళు ముడుచుకుని దారి ఇస్తారు. కాలువ బంతుల మధ్యగా నడిచొచ్చి స్టేజీ ముందు ఆగుతుంది.

నీళ్ళలో ఒక నాటుపడవ కిందనుంచి పైకి పోతోంది. పడవ నిండా ఉప్పు బస్తాలు. బస్తాల మీద ముసలి గేదె ఒకటి పడుకుని నెమరేస్తోంది. నా ఎత్తుకి రాగానే పడవ నిలుస్తుంది. గేదె నన్ను ఎరిగినట్టు చూసి నోరు తెరుస్తుంది.

నోట్లో రైల్వే ప్లాట్‌ఫారం ఉంది. మంచి ఎండగా ఉంది, ఎవరూ లేరు, ఒక్క ఆడమనిషి తప్ప. బల్లమీద నాకు వీపు పెట్టి కూర్చుని, నా గొంతుతో అదే పాట పాడుకుంటూ జడ అల్లుకుంటోంది. ఆ జడ ప్లాట్‌ఫారం పొడుగునా సాగి, గేదె పళ్ళ మీదుగా బయటికి వచ్చి, స్టేజీ మెట్లెక్కి, నా చేతిలోకి వచ్చింది. కొస ఇంకా తడిగా ఉంది.

ఆమె అటునుంచి అల్లుతోంది. నేను ఇటునుంచి విప్పడం మొదలుపెడతాను.