గంధం కడుక్కున్న రోజు

రాతి మీద చెక్క అరుగుతోంది.

సర్... సర్... సర్...

మూడు చుక్కల నీళ్ళు. ముందు రాయి తాగుతుంది. తర్వాత చెక్క తాగుతుంది. ఆ తర్వాతే మనకు — పలచటి, పచ్చటి, చల్లటి గంధం.

ఇంటింటా ఈ థనకా చెక్క గంధం వాసన లేచిందంటే మా వీధికి తెల్లవారినట్టు. కోళ్ళు కూయడం ఎప్పుడో మానేశాయి. వాటికి మా వీధంటే గౌరవం లేదు.

ఈ సాన అక్కది. గుండ్రటి రాయి. చుట్టూ నీళ్ళు జారే గాడి. అడుగున మూడు పొట్టి కాళ్ళు. నడుమ ఒక గుంట.

ఆ గుంట అక్క చేసింది. ముప్పై ఏళ్ళు ఒకే వైపు తిప్పి తిప్పి... ఒక మనిషి చెయ్యి రాతిలో దిగి, అక్కడే ఉండిపోయింది.

నేను రోజూ ఆ గుంటలోనే చెక్క పెడతాను.

అక్క చెయ్యి పట్టుకున్నట్టే ఉంటుంది. పట్టుకున్నట్టే... తిరిగి పట్టుకోదు.

అక్క పేరు లే లే విన్. నా పేరు యు యు. ఇద్దరం బుధవారమే పుట్టాం. కానీ మా దగ్గర వారానికి ఎనిమిది రోజులు. బుధవారాన్ని పెద్దలు మిట్టమధ్యాహ్నం పన్నెండుకు నరికి రెండు చేశారు. పొద్దుటి సగం అక్కది — దంతాల ఏనుగు. మధ్యాహ్నం సగం నాది — రాహువు సగం, దంతాలు లేని ఏనుగు.

"నా దంతాలు చూసి కుళ్ళుకుంటావే నువ్వు," అనేది అక్క.

"దంతాలున్న ఏనుగునే చంపుతారులే," అనేదాన్ని నేను.

అప్పుడది తమాషా.

కొండ మీది పగోడాలో ఎవరి రోజు మూల వారిది. పుట్టినరోజున వెళ్ళి ఆ మూలనున్న బుద్ధుడికి నీళ్ళు పొయ్యాలి. ఎన్నేళ్ళుంటే అన్ని గిన్నెలు. ఆ పైన ఒకటి.

ఆ పైదే అసలుది. రాబోయే ఏడాది కూడా ఇవ్వు స్వామీ — అని.

అక్క చివరిసారి నలభై ఏడు గిన్నెలు పోసింది. నలభై ఆరు గడిచినవాటికి, ఒకటి రాబోయేదానికి. రాబోయేది రాలేదు.

అయిదేళ్ళయింది.

అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది. నలభై ఆరు దగ్గర ఆగిపోయింది. నేను ఆగలేదు. ఈ వానలకు ముందు నాకు నలభై ఏడు నిండాయి.

ఇప్పుడు అక్క నాకంటే ఏడాది చిన్నది.

ఈ మాట ఎవరితో చెప్పుకోవాలో తెలియక, కూర కలుపుతూ గరిటెతో చెప్పాను. గరిటె ఏమీ అనలేదు. మా ఇంట్లో ఓదార్చడం తెలిసినది అదొక్కటే.

"ఇవాళ కాస్త ఎక్కువ తియ్యవే యు యు. ఒంట్లో వేడిగా ఉంది."

అక్క ఆ మాట మొదటిసారి ఎప్పుడన్నదో గుర్తులేదు. చివరిసారి ఎప్పుడన్నదో గుర్తుంది. రెంటికీ మధ్య ఏడాది దాకా ఉంటుంది.

ఏడాదిపాటు రోజూ ఎక్కువ తీశాను. అక్క గంధం గిన్నె పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళేది. తలుపు వేసుకునేది. ఎక్కడ రాసుకుంటోందో నేను అడగలేదు. చలవ అని మొహానికి రాస్తాం. చేతులకు రాస్తాం. పసిపిల్లలకైతే ఒళ్ళంతా పూస్తాం. పెద్దది, తలుపు వేసుకుని ఎక్కడ రాసుకుంటే నాకెందుకు?

ఎడమ రొమ్ములో గడ్డ ఉసిరికాయంత ఉన్నప్పుడు — గంధం.

నిమ్మకాయంత అయినప్పుడు — గంధం.

దాని మీద రవిక. రవిక మీద నవ్వు. ఆ నవ్వుతోనే మాకందరికీ అన్నం వడ్డించింది.

"ముందే ఎందుకు రాలేదమ్మా?" అని డాక్టరు అడిగినప్పుడు అక్క నా వైపు చూసింది. నన్ను వెనకేసుకొస్తున్నట్టు చెప్పింది —

"మా చెల్లెలు గంధం బాగా తీస్తుందండీ."

ఆ మాట ఇంకా అరుగుతూనే ఉంది. ఏ రాతి మీదో తెలియదు.

ఎండాకాలం మొదట్లో పక్కింటి ఛో అత్త ఒక చీటీ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఛో అత్త వీధి చివర పొద్దున్నే చేపల పులుసులో సేమ్యాలు వేసి మొహింగా అమ్ముతుంది. మొహింగాతో పాటు ఊరి కబుర్లు ఉచితం.

నలభై దాటిన ఆడవాళ్ళకు పెద్దాసుపత్రిలో రొమ్ముకు ఫొటో తీస్తారట. జబ్బు లేకపోయినా తీస్తారట. లేదనుకున్నప్పుడే తియ్యాలట.

"నేను వెళ్ళొచ్చాను పిల్లా. రెండు పలకల మధ్య పెట్టి నొక్కుతారు. నొక్కి, వదిలేస్తారు. మా ఆయన ముప్పై ఏళ్ళలో పెట్టని శ్రద్ధ ఆ యంత్రం రెండు నిమిషాల్లో పెట్టింది."

"నాకేం లేదు అత్తా."

"నీకేం లేదని నీకెట్లా తెలుసు?"

"తెలుసు."

"మీ అక్కకూ తెలుసు," అంది ఛో అత్త. అని, నాలుక కరుచుకుని, వెళ్ళిపోయింది. మర్నాడు నా గిన్నెలో ఉడికించిన గుడ్డు అదనంగా వచ్చింది.

చీటీని సాన కింద పెట్టాను. ఎగిరిపోకుండా.

ఇక రోజు కుదరాలి.

సోమవారం కుదరదు. తలవెంట్రుక కత్తిరించడానికే పనికిరాని రోజు. శుక్రవారమూ అంతే. మంగళవారం చేపల పడవలు వస్తాయి. గురువారం మావారికి ఇష్టమైన కూర, దానికి పొద్దంతా పడుతుంది. శనివారం మొదలుపెట్టిన పని మంచికి రాదని మా అమ్మ. బుధవారం పొద్దున అక్కది. బుధవారం మధ్యాహ్నం రాహువుది.

ఆదివారం దివ్యమైన రోజు. ఆసుపత్రికి సెలవు.

వారానికి ఎనిమిది రోజులున్న దేశంలో నాకు ఒక్కటీ దొరకలేదు.

చీటీ సాన కిందే ఉంది. రోజూ గాడి వెంట నీళ్ళు జారేవి. కాగితం మీద గుండ్రటి మచ్చ పడింది. మచ్చ చుట్టూ సిరా ఉబ్బి, నీలంగా, మబ్బులా పాకింది. చివరి రెండు వరసలను రాయి తాగేసింది.

నేను చూస్తూ ఊరుకున్నాను. మొత్తం చెరిగిపోతే ఇక వెళ్ళక్కర్లేదు కదా అని... నిజం చెప్పాలంటే అంతే.

మొదటి వాన పడకముందు నా పుట్టినరోజు.

కొండెక్కాను. నా మూలకు వెళ్ళాను. దంతాలు లేని ఏనుగు ఎప్పటిలాగే నన్ను చూసి జాలిపడింది.

ఒకటి. రెండు. మూడు...

నీళ్ళు బుద్ధుడి భుజం మీదుగా జారి, ఒడిలో ఆగి, ఏనుగు వీపు మీదికి దిగుతున్నాయి. కింద తన్లవిన్ నది, ఎండలో తగరపు రేకులా.

నలభై అయిదు. నలభై ఆరు. నలభై ఏడు.

అక్క చెయ్యి ఇక్కడే ఆగింది.

నలభై ఎనిమిదో గిన్నె నింపాను. ఎత్తలేకపోయాను.

ఇంకో ఏడాది ఇవ్వమని అడగాలి. అడగడానికి మొహం ఉండాలి. ఉన్న ఏళ్ళకు నేనేం చేశాను? చీటీని రాయి కింద పెట్టాను.

వెనక వరసలో ఉన్నావిడ దగ్గింది.

"పోస్తారా అక్కా, మూత పెట్టి ఇంటికి పట్టుకెళ్తారా?"

పోశాను. సగం ఏనుగు తల మీద పడింది. అయినా పోశాను.

ఇంటికొచ్చి సానను ఎత్తాను.

వెళ్ళే రోజున — గురువారం, మావారి కూర లేదు — తలంటుకున్నాను. సాన ముందు కూర్చున్నాను.

సర్... సర్... సర్...

ఎంత తీశానంటే, పెళ్ళికూతురికి కూడా అంత తియ్యరు. మొహానికి. మెడకు. చేతులకు. రొమ్ములకు. నడుము దాకా. పరాయివాళ్ళ ముందు రవిక విప్పాలి. ఒంటి మీద గంధమైనా ఉండొద్దూ?

అది ఒక్కటే కాదు. చెప్పేస్తాను. అక్క రాసుకున్న చోట రాసుకుని వెళ్తే, అక్క నాతో వచ్చినట్టు ఉంటుందనుకున్నాను.

మావారు టున్ వే లాంచీ ఇంజన్లు బాగుచేస్తారు. ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు గుమ్మం దాటడానికి ఆయన దగ్గర పనిముట్టు లేదు. బయట బెంచీ మీద, మూసిన గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు.

లోపల చల్లగా ఉంది.

యంత్రం దగ్గరున్న పిల్లది నా కూతురి వయసు, నాకు కూతురుంటే.

"పిన్నీ, భుజం వదులు చెయ్యండి. ఇంకా. ఇది మీ భుజమే, సంచి కాదు. ఆఁ... ఇప్పుడు ఊపిరి బిగపట్టండి."

అయిదేళ్ళుగా నేను చేస్తున్న పని అదే.

పలక దిగింది. నొప్పి వచ్చింది. వెళ్ళింది. ఇంతేనా అనుకున్నాను.

అప్పుడు ఆ పిల్ల తెర చూసి మాట్లాడటం మానేసింది.

నల్లటి తెర మీద నా రొమ్ము. చవితినాటి చంద్రుడిలా. దాని నిండా — తెల్లటి చుక్కలు. గీతలు గీతలుగా, దారులు దారులుగా... దీపాల పండగనాడు నది మీద వదిలిన దొప్పల్లా.

"ఒక్క నిమిషం ఉండండి పిన్నీ."

వెళ్ళిపోయింది.

ఒక్క నిమిషం.

ఆ నిమిషంలో నాకు దేవుడు గుర్తురాలేదు. మావారు గుర్తురాలేదు. అక్క కావాలనిపించింది. పెద్దయిన అక్క కాదు, జబ్బుపడ్డ అక్క కూడా కాదు... చిన్నప్పుడు, నా గడ్డం పట్టుకుని, వేళ్ళతో నా బుగ్గ మీద గంధంతో ఆకు బొమ్మ గీసి, "కదిలావో, చెట్టు కొట్టేస్తా" అన్న అక్క.

కదలకుండా నిలబడ్డాను.

పిల్లతో పాటు జుట్టు నెరిసిన నర్సు వచ్చింది. తెర చూసింది. నన్ను చూసింది. మళ్ళీ తెర చూసింది. నా దగ్గరికొచ్చి వంగి — వాసన చూసింది.

"ఏమ్మా, థనకా రాసుకొచ్చావా?"

"రాసుకోకుండా బజారుకే వెళ్ళనండీ. ఇక్కడికెట్లా వస్తాను?"

"మొహానికి సరే. కిందికి ఎక్కడిదాకా?"

"...నడుము దాకా."

పిల్ల గోడ వైపు తిరిగింది. భుజాలు ఊగుతున్నాయి.

"నవ్వకే," అంది పెద్దావిడ, తను నవ్వుతూ. "ఏమీ రాసుకోవద్దని చీటీ చివర రాశాం కదమ్మా."

"ఆ రెండు వరసలూ తడిసిపోయాయండీ."

"ఈ చుక్కల్లో గంధమెంతో, సానరాయి పొడి ఎంతో, వాటి వెనక ఇంకేమైనా ఉందో — ఇట్లా అయితే ఎవరూ చెప్పలేరు. పో. శుభ్రంగా కడుక్కుని రా."

సానరాయి పొడి.

అక్క అరగదీసిన రాయి. నా ఒంటి మీద చుక్కలై వెలుగుతోంది.

కుళాయి కింద చెయ్యి పెట్టాను. నీళ్ళు చల్లగా, సన్నగా.

ముందు మెడ. తర్వాత చంకలు. తర్వాత —

గంధం తేలిగ్గా వదలదు. ఎండితే చర్మాన్ని పట్టుకుంటుంది. రుద్దాను. పచ్చటి నీళ్ళు తొట్టిలో తిరిగి, తిరిగి, కంతలోకి పోయాయి. వాసన లేచింది. ఎవరో లోపలి గది తలుపు తీసినట్టు లేచింది.

ఎక్కడ రాసుకుంటున్నావక్కా?

అయిదేళ్ళు ఆలస్యంగా అడిగాను. కుళాయి మోతలో.

ఒక్కసారి తలుపు తోసి ఉంటే... పెద్దదని, సిగ్గని, నాకెందుకని... ఆ తలుపుకు గడియ కూడా ఉండేది కాదు.

మొహం కూడా కడిగేశాను. అది కడగమని ఎవరూ అనలేదు.

అద్దంలో ఒకావిడ. నలభై ఏడేళ్ళు. బుగ్గల మీద ఆకులు లేవు. రొమ్ముల మీద అక్క లేదు. ఒట్టి చర్మం. ఇన్నేళ్ళలో మొదటిసారి పరిచయమైనట్టు ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం.

"ఎవరూ రాలేదా తోడు?" అని అద్దంలో ఆవిడ అడిగినట్టు అనిపించింది.

లేదు. నేనే వచ్చాను.

మళ్ళీ పలక. మళ్ళీ నొప్పి. మళ్ళీ ఊపిరి. ఈసారి తెరను ఆ వైపుకు తిప్పి ఉంచారు.

"చుక్కలు పోయాయా అండీ?"

"నేను చెప్పకూడదమ్మా," అంది పెద్దావిడ. మొహంలో ఏమీ లేదు. ఏమీ ఉంచకపోవడం ఆవిడ ఉద్యోగం. "డాక్టరుగారు చూసి చెప్తారు. వచ్చే బుధవారం రా."

"పొద్దునా? మధ్యాహ్నమా?"

ఆవిడ కాగితం మీద రాసింది. పన్నెండు గంటలకు.

అక్కదీ కాదు. నాదీ కాదు. రోజును కోసిన చోటే.

బయట వాన మొదలైంది. మావారు లేచారు.

"నొప్పెట్టిందా?"

"మీరైతే ఏడ్చేవారు."

గొడుగు విప్పుతూ నా మొహం చూసి ఆగిపోయారు. విప్పిన గొడుగు విప్పినట్టే ఉంది. మేమిద్దరం దాని బయట తడుస్తున్నాం.

"మొహానికేమైంది?"

"కడుక్కున్నాను."

"బాగుంది," అన్నారు. గొడుగు నా తల మీదికి తెచ్చి, "ఇన్నాళ్ళూ కింద ఇది ఉందన్నమాట," అన్నారు.

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఇంత పొడుగు పొగడ్త ఇదే.

ఇవాళ బుధవారం. పొద్దుటి సగం.

వాన తగ్గలేదు. ఛో అత్త పిలవకుండానే మొహింగా పంపింది. గుడ్డు అదనంగా ఉంది.

భయం పోయిందా అంటే పోలేదు. తయారై, చెప్పులేసుకుని, గుమ్మం దగ్గర నాకంటే ముందే నిలబడింది. రానీ. గొడుగు పెద్దదే.

సాన ముందు కూర్చున్నాను. మూడు చుక్కల నీళ్ళు. అక్క గుంటలో చెక్క.

మొహానికి రాసుకున్నాను. మెడ దగ్గర ఆపాను.

చేతిలో గంధం ఇంకా మిగిలింది. ఎన్నేళ్ళ అలవాటో, ఎక్కువే తీశాను. ఎవరూ తియ్యమనలేదు. ఒకవేళ అంటారేమోనని... కాసేపు అలాగే, తల వంచుకుని, విన్నాను.

పదకొండయింది. చెక్క కింద పెట్టాను. మిగిలిన గంధాన్ని రాతి గుంటలోనే వదిలేశాను, తడిగా.

గొడుగు విప్పి వీధిలోకి దిగాను. చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. పక్కింటి సాన మీద నుంచో, రేకు మీది వాననుంచో, మూసిన ఏ తలుపు వెనక నుంచో...

సర్... సర్...