బాగుచేసినవాడే పేల్చాలి

తిరువూరు చుట్టుపక్కల తుపాకి బాగుచేయించుకోవాలంటే షంషేర్ కొట్టే గతి. ఇప్పుడా కొట్లోకి వచ్చేవన్నీ మందు కొట్టే స్ప్రేయర్లూ గ్యాసు పొయ్యిలేననుకోండి, అది వేరే సంగతి. తుపాకి విషయంలో మాత్రం తాతల నాటి పద్ధతొకటి ఉంది. బాగుచేసినవాడే భుజానికి ఆనించి మొదటి దెబ్బ పేల్చాలి. అలా పేల్చి చూపించని తుపాకిని ఏ రైతూ ఇంటికి పట్టుకెళ్ళడు.

వినగడప ఆదిశేషయ్యగారు తెచ్చిన తుపాకి అటక మీద పదిహేనేళ్ళు పడుంది. మూతిలోంచి మందు దట్టించే ఒంటిగొట్టం. ముట్టుకుంటే చేతికి ఎర్రటి తుప్పు పొడి అంటుతోంది.

"మొక్కజొన్న చేలో పందులు ఒక్క కండె మిగల్చట్లేదు షంషేరూ. లైసెన్సు పెట్టుకుని కూడా టపాకాయలు కాల్చుకుంటా కూర్చున్నా," అన్నాడాయన.

"శుక్రవారం నమాజు కాగానే కారు తీసుకురండి. మీ తోటలోనే పేల్చి చేతికిస్తా," అనేశాడు షంషేర్. గొట్టంలోకి తొంగైనా చూడకుండానే మాటిచ్చేశాడు మహానుభావుడు!

ఆయన వెళ్ళాక కూతురి వైపు తిరిగి, "పనంతా నువ్వే చెయ్యి నాహిదూ. ఇది మా అమ్మాయి చేతి పని అని ఆయనకి నేనే చెప్తా," అన్నాడు.

నాహిద్‌కి కడుపు నిండిపోయింది. పన్నెండేళ్ళుగా ఆ కొట్లో పనిచేస్తున్నా, వచ్చిన ప్రతివాడూ "మీ నాన్న లేడామ్మా?" అనేవాడే. ఈ ఒక్క తుపాకి బయటికెళితే చాలు, ఆ ప్రశ్న ఆగుతుంది.

గొట్టాన్ని విడదీసి రెండు రోజులు కిరసనాయిల్లో నానబెట్టింది. కడ్డీకి ఇత్తడి తీగల బ్రష్షు కట్టి, రెక్కలు పడిపోయేదాకా తోమింది. గురువారానికి పైభాగం నల్లగా నిగనిగలాడింది. అప్పుడు తీగకి చిన్న బల్బు కట్టి గొట్టంలోకి దించింది. అడుగున, సరిగ్గా మందు పేలే చోట, గుంటలు. పురుగు తొలిచిన వంకాయలా ఉంది ఇనుము. వెంటనే తండ్రిని పిలిచింది.

"అబ్బా, ఇది పేలిస్తే గొట్టం చీలి మొహం మీదికొస్తుంది. చూడండి."

షంషేర్ కన్ను ఆనించి చూశాడు. "మచ్చలే. తుప్పు పోయిన చోట మచ్చలుండవూ?"

"మచ్చలు కావబ్బా, గుంటలు."

"నా కళ్ళకంటే నీ కళ్ళు పెద్దవా?"

నాహిద్‌కి ఏదో అనుమానమొచ్చింది. చప్పుడు కాకుండా బల్బు ఆర్పేసింది. "మళ్ళీ ఒక్కసారి చూడండి."

ఆయన మళ్ళీ చూశాడు, చాలాసేపు చూశాడు. "మచ్చలేనని చెప్పానా లేదా!"

చిమ్మచీకటి గొట్టంలోకి చూసి మచ్చలంటున్నాడు! ఎన్నాళ్ళుగా కనపడట్లేదో ఏమో, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పే రకమైతే ఆయన షంషేర్ ఎందుకవుతాడు? ఆదిశేషయ్యగారికి తను చెబితే మాత్రం? తండ్రి కొట్టిపారేస్తాడు, ఆదిశేషయ్యగారూ ఆ మాటే నమ్ముతాడు. పేల్చనని తండ్రి చచ్చినా అనడు. పేలిస్తే చస్తాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన మసీదుకి వెళ్ళగానే నాహిద్ గొట్టాన్ని బల్లకి బిగించి, అడుగున డ్రిల్లు పెట్టింది. మంచి ఇనుమైతే రెక్కల కష్టం. ఇది అప్పడంలోకి దిగినట్టు దిగిపోయింది.

ఇద్దరూ ఒకేసారి వచ్చారు, ఆదిశేషయ్యగారు కారు దిగుతూ, షంషేర్ టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ.

"పొరపాటైందండి. కొత్త మర బిగిద్దామని బెజ్జం వేస్తుంటే డ్రిల్లు జారింది. ఇక ఇది పేల్చడానికి పనికిరాదండి," అంది నాహిద్, తల వంచుకుని.

"ఎంత పని చేశావమ్మా! మా నాన్న చేతి తుపాకి అది! నీకు రాని పని ముట్టుకోవడమెందుకు?" ఆదిశేషయ్యగారి గొంతు పక్క కొట్టుదాకా వినపడింది. చూస్తుండగానే నలుగురు పోగయ్యారు.

షంషేర్ గొట్టం అందుకున్నాడు. బెజ్జం అంచు మీద వేలు పెట్టి, మెల్లగా చుట్టూ తిప్పాడు. వేలు అక్కడే ఆగిపోయింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇప్పుడు చెప్తాడు, ఇనుమే పుచ్చిందని నలుగురిలోనే చెప్పేస్తాడనుకుంది నాహిద్.

"ఆడపిల్లకి ఇచ్చాను చూడండి, నాదే బుద్ధి తక్కువ. క్షమించండి," అన్నాడాయన.

ఆదిశేషయ్యగారు తుపాకి ముక్కలు కారులో పడేసుకుని వెళ్ళిపోయాడు. పోగైనవాళ్ళు "ఆడవాళ్ళకెందుకొచ్చిన తుపాకులు" అని తలో మాటా అని కదిలిపోయారు. షంషేర్ స్టూలు మీద కూలబడ్డాడు.

"కాగితం మందం కూడా లేదు కదూ?"

"లేదబ్బా."

ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "రేపు ఎవరడిగినా నీకు చేతకాకే పాడైందని చెప్పు తల్లీ. నాకు కనపడట్లేదని మాత్రం చెప్పకు. నీకు దణ్ణం పెడతా."

కోపం గొంతుదాకా వచ్చింది నాహిద్‌కి. కానీ ఎదురుగా ఉన్న తండ్రి ప్రాణాలతో ఉన్నాడు.

"అలాగే అబ్బా," అంది. అన్నాక ఏడుపు ఆగలేదు.