అంచనాగారి అమ్మాయి

నీటి సరఫరా ఆఫీసులో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన అంచనాగారే. జలాశయంలో ఎంత నీరుంది, ఊరు ఎంత తాగుతుంది, వాన ఎప్పటికొస్తుంది అని లెక్కలు కట్టి, ఏ పేటకు ఎన్నాళ్ళు నీళ్ళివ్వచ్చో చెప్పడం ఆయన పని. లెక్క తప్పితే ఊరంతా తిడుతుంది, తప్పకపోతే ఎవరికీ గుర్తుండదు. అలాంటి ఉద్యోగం.

ఈసారి లెక్క బాగోలేదు. వాన ఇంకా ఆలస్యమైతే ముందుగా ఎండేది కొండమీది పేట. పల్లపు వీధుల ట్యాంకులన్నీ నిండాకగానీ పంపు నీళ్ళను కొండకు ఎక్కించదు. సోమవారం నుంచి అక్కడ రోజు విడిచి రోజే నీళ్ళు. ట్యాంకర్లు సిద్ధమయ్యేదాకా ఈ సంగతి బయటికి పొక్కకూడదని పెద్దాఫీసరు గట్టిగా చెప్పాడు.

ఆ కొండమీదే ఆయన కూతురుంది, చంకలో నెలల పిల్లతో. అల్లుడు పనిమీద దూరం వెళ్ళాడు. కడుపుతీపి ఊరుకోనిస్తుందా? పొద్దున చెప్పులు వేసుకుంటూ భార్యతో, "అమ్మాయిని తీసుకొచ్చెయ్యి, కొన్నాళ్ళు మన దగ్గరే ఉంటుంది," అన్నాడు. ఆవిడ ఎందుకని అడగలేదు. ఆయన మొహం చదవడం ఆవిడకు ఎప్పుడో వచ్చేసింది.

మధ్యాహ్నం కాకముందే ఆఫీసు కంప్యూటర్లో కొండమీది ట్యాంకు తాలూకు గీత కిందికి జారడం మొదలుపెట్టింది. ఆ వేళప్పుడు నీళ్ళు వాడేవాళ్ళు తక్కువ. గీత కదలకుండా ఉండాలి. పైపు పగిలిందేమోనని అంచనాగారు అక్కడ వాల్వులు తిప్పే మనిషికి ఫోన్ చేశాడు.

"లీకేం లేదు సార్," అని అతను కాస్త నసిగాడు. "మీ అమ్మాయిగారు ఆటో ఎక్కారు."

"ఎక్కితే?"

"పెట్టెలతో, పిల్ల ఉయ్యాలతో సహా ఎక్కారు సార్. అంచనాగారి అమ్మాయే పేట వదిలి పోతుంటే, నిప్పు లేందే పొగ వస్తుందా అని ఒకటే గోల. బిందెలు, డ్రమ్ములు, ఆఖరికి చెత్త డబ్బాలు కూడా కడుక్కుని మరీ పట్టేస్తున్నారు. పైవీధికి అప్పుడే రావట్లేదు. ఇలాగైతే సాయంత్రానికి ట్యాంకు అడుగు కనబడుతుంది."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. సోమవారం రావాల్సిన ఎద్దడిని ఆయన తన చేత్తోనే ఇవాళ తెచ్చిపెట్టాడు. వాల్వు కట్టేయమందామా? కట్టేస్తే జనం అనుమానం రూఢి అయిపోతుంది, పల్లపు వీధులకూ ఆ భయమే పాకుతుంది. ఇక ఆయనకు తోచిన దారి ఒక్కటే. అమ్మాయిని మళ్ళీ కొండమీదికి తీసుకెళ్ళి జనానికి చూపించడం.

ఇంటికెళ్ళి సంగతి చెప్పాడు. భార్య భగ్గుమంది.

"మీకు మతిగానీ పోయిందా? తెమ్మన్నదీ మీరే, పంపేయమంటున్నదీ మీరే! అక్కడ చుక్క నీళ్ళు పట్టి పెట్టుకోలేదు. పసిగుడ్డుతో ఎలా ఉంటుంది?"

"నేనూ వెళ్ళి ఉంటాను."

"మీరేమన్నా మేఘమా, వెళ్ళగానే కురవడానికి!"

విప్పిన పెట్టెను కూతురు మళ్ళీ సర్దింది.

కొండమీద ఆటో దిగేసరికి ప్రతి గుమ్మంలోనూ డ్రమ్ములు, వాటిలోకి సాగదీసిన గొట్టాలు. పక్కింటావిడ నిండు బకెట్టుతో అక్కడే నిలబడిపోయింది. ఆయన్నీ, అమ్మాయినీ, ఉయ్యాలనూ మార్చి మార్చి చూసింది. చుట్టూ జనం మూగారు.

"ఏం లేదమ్మా, ఊరికే వాళ్ళమ్మను చూసిపోదామని వచ్చింది," అని ఆయన నవ్వబోయాడు.

ఆవిడ ఆ మాట పట్టించుకోలేదు. బకెట్టు తెచ్చి అమ్మాయి గుమ్మంలో పెట్టింది. "పసిబిడ్డ ఉంది, ఉంచుకో తల్లీ," అని ఆయనవైపు తిరిగింది. "మాకూ పిల్లలున్నారు బాబుగారూ. మీ అమ్మాయికి చెప్పింది మాకూ చెప్పండి."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. పెద్దాఫీసరు గుర్తొచ్చాడు, ఉద్యోగం గుర్తొచ్చింది. అయినా చెప్పేశాడు.

"సోమవారం నుంచి రోజు విడిచి రోజు. వాన రాకపోతే ఇంకా తక్కువ. కానీ ఇవాళ మీరిలా పట్టేస్తే రేపే ఉండవు. పైవీధికి ఇప్పటికే లేవు. ఇప్పుడు కొళాయిలు కట్టేస్తే రేపు అందరికీ ఎంతో కొంత వస్తాయి."

"ఇప్పుడిలా అంటారు. రేపు మీ అమ్మాయిని మళ్ళీ తీసుకుపోరని నమ్మకమేంటి?" అన్నాడు ఎదురింటాయన.

ఎన్ని లెక్కలు వచ్చినవాడికైనా కన్నబిడ్డను పూచీ పెట్టడం చేతకాదు.

"ఇక్కడే ఉంటాను బాబాయిగారూ," అంది కూతురు, పిల్లను భుజం మార్చుకుంటూ. "మా నాన్న మళ్ళీ రమ్మన్నా వెళ్ళను."

పక్కింటావిడ లోపలికెళ్ళి కొళాయి కట్టేసింది. ఎదురింటాయన కాసేపు తటపటాయించి తనదీ కట్టాడు. మిగతా ఇళ్ళల్లో నీళ్ళు పడుతూనే ఉన్నాయి. వాళ్ళనీ కట్టేయమని అడగడానికి అంచనాగారు చెప్పులు విడిచి తర్వాతి ఇంటి గుమ్మం ఎక్కాడు.