గోడ వెనుక చప్పుడు

మూడో సొరంగం కూలిన మరునాడే కంపెనీ దాని ముఖద్వారానికి సిమెంటు గోడ కట్టించింది. లోపల ఐదుగురు ఫాస్ఫేటు గని కార్మికులు బతికే ఉన్నారు. పలుగులతో రాతిని కొడుతున్న చప్పుడు మేమందరం విన్నాం. ఇంజనీరు కూడా విన్నాడు. విని, "దైవనిర్ణయం" అన్నాడు. సిమెంటు బస్తాలు మోయించినది దైవం కాదు.

ఆ గోడ కోసమే అమ్మార్ జబల్ అస్మర్‌కు తిరిగి వచ్చాడు. అతడు మా ఊరి గనికార్మికుడి కొడుకు. కార్మికులకు ప్రవేశం లేని కంపెనీ క్లబ్బులో రీళ్ల పెట్టెలు మోస్తూ సినిమా నేర్చాడు, పారిస్‌లో చదివాడు. ఎండిన బావుల మీద తీసిన తొలి చిత్రాన్ని ప్రభుత్వం నిషేధించింది. రెండవదానిలో సగం సెన్సారు కత్తెరకు పోయింది. ఈ గోడ మీద తీసే మూడవదానికి నటులు అక్కరలేదన్నాడు. గోడ ముందు నిలబడి అరిచిన మమ్మల్నే మళ్లీ అక్కడ నిలబెట్టాడు.

నేను బడిపంతుల్ని. సినిమాలతో గోడలు కూలవని వాదించాను.

"కూలవు మాస్టారూ. కూల్చాల్సింది మనుషులే. ముందు చప్పుడు విన్నామని లోకమెదుట నోరు తెరవాలి గదా!"

అతని కెమెరా బొమ్మనే పట్టేది, మాటను కాదు. బొమ్మ ముందు, మాట తరువాత. యూనియన్ హాల్లో కిటికీలు మూసి, తెర మీది మా పెదవులకు సరిపోయేదాకా మా మాటలు మాచేతనే పదేపదే చెప్పించాడు. సొరంగంలో భర్తను పోగొట్టుకున్న మబ్రూకా విసుక్కునేది.

"ఏడ్చిందే ఎన్నిసార్లు ఏడవాలి తమ్ముడూ? నా మొగుడు ఒక్కసారే గదా పోయాడు!"

"తెర మీద నోరు మూశాక కూడా ఏడుస్తున్నావక్కా. ఇంకోసారి."

అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది.

చిత్రం పూర్తికాగానే పోలీసులు రీళ్లనూ అమ్మార్‌నూ పట్టుకుపోయారు. గోడ పగలగొట్టి మృతదేహాలను అప్పగించాలని మేము సమ్మెకు దిగాం. అప్పుడు రాజధాని ట్యూనిస్ నుంచి ఒక అధికారి ఆ చిత్రంతోనే వచ్చాడు. మా గొంతులను చెరిపేశారు; బదులుగా కంపెనీ చేసిన సహాయాన్ని అతడు మైకులో వర్ణిస్తాడట. మా ముఖాలు, వాళ్ల మాటలు.

శుక్రవారం నమాజు తరువాత మమ్మల్ని యూనియన్ హాల్లో కూర్చోబెట్టారు. ముందు బల్ల మీద, మాకు బెదిరింపుగా, సంకెళ్లతో అమ్మార్. తెర మీద మబ్రూకా నోరు తెరిచింది.

"సహాయక చర్యలకు కృతజ్ఞత తెలుపుతున్న ఒక సోదరి..." అన్నాడు అధికారి.

హాల్లో మబ్రూకా లేచి నిలబడింది. "వాళ్లు కొడుతున్నారు! వినబడటం లేదా? గోడ ఆపండి!"

పెదవికి పెదవి సరిపోయింది.

"కూర్చోమ్మా!"

"ఎందుకు కూర్చోవాలి? ఆడ అరుస్తున్నది నేనే. నా నోట్లో నీ మాట పెడతావేందయ్యా?"

ముసలి ఖమీస్ తన వంతు అందుకున్నాడు. "కట్టొద్దురా! మనోళ్లు బతికే ఉన్నారు!"

"ఈసారన్నా టైముకి అందుకున్నావు మామా!" వెనుక నుంచి ఎవరో అరిచారు.

ఒక్కొక్క ముఖం తెర మీదికి రాగానే ఒక్కొక్క మనిషి లేచాడు. మైకు మునిగిపోయింది.

చివరి దృశ్యంలో మనుషులు లేరు, గోడ ఒక్కటే. లోపలి చప్పుడును రికార్డింగు నాడు ఈ బల్లల మీదనే పిడికిళ్లతో పుట్టించాం. ఇప్పుడు మొదటి దెబ్బ అమ్మార్ సంకెళ్లది, చెక్క మీద ఇనుము. తరువాత హాలంతా. అధికారి ప్రొజెక్టరు ఆపించాడు. తెర నల్లబడింది, చప్పుడు ఆగలేదు.

పోలీసులు అమ్మార్‌ను ఈడ్చుకుపోతుంటే అతడు నా వైపు తిరిగాడు. "సినిమా అయిపోయింది మాస్టారూ!"

మేము జీపు వెంట పరుగెత్తలేదు. పలుగులు తీసుకుని మూడో సొరంగానికి నడిచాం. మా వెనుకే సైనికుల లారీలు ఆగాయి, తుపాకులు లేచాయి. మబ్రూకా వాటికి వీపు తిప్పి పలుగు ఎత్తింది.

గోడ మీద మళ్లీ చప్పుడు మొదలైంది. ఈసారి బయటి నుంచి.