అమ్మ గొంతు వెనక గుంయ్‌మనే మోత

పదిన్నరకి టాక్సీ వస్తుంది. పదీ ఇరవై అయింది. స్పీకర్లలో గుంయ్‌మనే మోత మాత్రం ఆగడం లేదు.

లిఫ్ట్ మెకానిక్ నేలమీద బోర్లా పడుకుని రికార్డు ప్లేయర్ వెనక్కి తల దూర్చాడు. అంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టును అరగంటలో దించేవాడికి ఈ చెక్కపెట్టె ముందు చెమటలు పడుతున్నాయి. తనే దాన్ని పాతది కొని తెచ్చి నాలుగు రోజులైంది. కనెక్షన్లు అమ్మినవాడే ఇచ్చి వెళ్ళాడు.

"నిన్న బాగానే పాడిందిగా?" అంది భార్య.

"నిన్నటి సంగతి దాన్నే అడుగు!"

సోఫా అంచున పిన్ని, ఒళ్ళో చేతిసంచితో కూర్చుంది. రేపే చెవి ఆపరేషన్. పనిచేసే ఆ ఒక్క చెవీ మిగులుతుందో లేదో డాక్టరు చెప్పలేనన్నాడు. ఆ భయంతో తెల్లారకముందే లేచి ఇల్లంతా తుడిచి సర్దేసింది. ఆసుపత్రికి వెళ్ళేలోగా చనిపోయిన అక్క గొంతు, అంటే అతని అమ్మ గొంతు, ఒక్కసారి వినాలి. ఆమె కోరికల్లా అదే.

ఆ గొంతున్నది ఒకే ఒక్క రికార్డులో. యాభై ఏళ్ళ కిందట ఎగ్జిబిషన్‌లో మాట్లాడిన మాటల్ని అప్పటికప్పుడు చెక్కి ఇచ్చిన మెత్తటి డిస్కు అది. ముల్లు పెట్టిన ప్రతిసారీ గొంతు కాస్త అరిగిపోతుంది. అందుకే అతను వేరే రికార్డు పెట్టి పరీక్షిస్తున్నాడు. కుడి వైరు ఎడమకి మార్చాడు. మోత రెండు వైపులా అలాగే ఉంది. ప్లగ్గు మార్చాడు. ఫ్రిజ్ ఆపాడు. ఊహూఁ!

కింద హారన్ మోగింది.

"ఒరేయ్ అబ్బాయ్, మోతతోనే పెట్టెయ్. మా అక్క ఎప్పుడు నిశ్శబ్దంలో మాట్లాడింది గనక?"

గత్యంతరం లేక డిస్కు పెట్టి ముల్లు దించాడు. మోత కింద ఏదో గొణుగుడు. పిన్ని తల వంచింది. ముఖం వాడిపోయింది. అతను కంగారుగా ఎడమచేత్తో ప్లేయర్ ఇనప పలక పట్టుకుని, కుడిచేత్తో యాంప్లిఫయర్ ఇనప నాబ్ తిప్పబోయాడు.

మోత సగానికి సగం పడిపోయింది!

చెయ్యి తీశాడు. గుంయ్! పెట్టాడు. తగ్గింది. ఎర్త్! రెండింటి మధ్య ఉండాల్సిన ఎర్త్ తీగ లేదు. ఇప్పుడు తన ఒళ్ళే తీగ. వెతకడానికి కదిలితే గొంతు పోతుంది.

హారన్ మళ్ళీ మోగింది. "రెండు నిమిషాలు ఆపు వాణ్ణి!" అని అరిచాడు. భార్య మెట్లు దూకింది.

అమ్మ గొంతు బయటికొచ్చింది. పడుచు గొంతు, గడుసు గొంతు.

"చెల్లీ, నా రిబ్బను తీసి చిక్కుడు పాదుకి కట్టింది నువ్వేనని నాకు తెలుసే! నీ కంటికి ఏదీ ఊరికే వేలాడకూడదు కదూ?"

పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అతని చూపు చటుక్కున కిటికీ వైపు తిరిగింది. నిన్నటిదాకా కుండీలో వాలిపోయి ఉన్న మొక్క ఇప్పుడు నిటారుగా నిలబడి ఉంది. నడుముకి ఆకుపచ్చ ఎర్త్ తీగ!

"పిన్నీ..."

"పొద్దున తుడుస్తుంటే పెట్టె వెనక ఒక కొస ఊడొచ్చి, ఎటూ పోకుండా వేలాడుతుంటేనూ..." అంటూ ఆమె కళ్ళు తుడుచుకుంది.

ముల్లు చివరికొచ్చి టిక్కు టిక్కుమంటోంది. అతని చేతులు ఇంకా ఇనుము మీదే ఉన్నాయి.

"తీగ తగిలించి మళ్ళీ పెట్టనా?"

"వద్దు, అరిగిపోతుంది. వచ్చాక వింటాను." పిన్ని లేచి సంచి భుజాన వేసుకుంది. "ఆ మొక్కకి మాత్రం ఇంకో తాడు చూడు. పడిపోతుంది."