వీసా మాఫీ

ఇంగ్లండులో బండి ఎడమ పక్కన నడపాలి. సముద్రం దాటి ఫ్రాన్సులో దిగితే కుడి పక్కన నడపాలి. ఈ ఒక్క సంగతి నాగప్ప కొంప ముంచింది.

దోహాలోని ఐన్ ఖాలిద్‌లో ఒక ఖతరీ ఇంటికి నాగప్ప డ్రైవరు. ఇంటి యజమానిని పనివాళ్లందరిలాగే అతనూ బాబా అంటాడు. బాబా చిన్నప్పుడు చదువుకున్నది కాంటర్‌బరీలో. ఆ పాత ఊరు పిల్లలకు చూపించి, అక్కణ్ణించి కారులోనే ఫ్రాన్సులోని రూవాన్ అనే ఇంకో పాత ఊరికి పోవాలని ఆయనకు బుద్ధి పుట్టింది. నవంబరులో ఖతర్‌లోనే ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కాబట్టి జులైలోనే పోయి రావాలన్నాడు.

"నాగప్పా, ఇంతా దోనో సైడ్ మాలూమ్," అన్నాడు బాబా. నీకు రెండు పక్కలా నడపడం వచ్చు కదా అని. నిజమే. ఆదోనిలో ఎడమ పక్కన లారీ తోలాడు, ఇక్కడ కుడి పక్కన బాబా కారు తోలుతున్నాడు. ఇన్నేళ్లలో బాబా నోట మెచ్చుకోలు వినడం అదే మొదలు. దాని వెనకే మెలిక వచ్చింది. మాతో వస్తావా, లీవులో పోతావా, ఏదో ఒకటే చెప్పు.

ఆ జులై లీవు నాగప్పది. కరోనాకు ముందు చూసిందే ఇల్లు. కూతురి కొడుకును ఇంతవరకు ఎత్తుకోలేదు. తాత వచ్చాకే పుట్టెంట్రుకలు తీయిద్దామని వాడికి రెండు జడలు వేసి తిప్పుతున్నారు. అదంతా తెలిసీ వస్తానని తలూపాడు. ఎవరో తనను కావాలన్నారు, అంతే. ఆ ఇంట్లో ఒకసారికి ఒక్కరికే లీవు. వదిలిన జులైని వంటమనిషి లూర్దమ్మ పట్టుకుని మర్నాడే టికెట్టు తీసుకుంది.

"వీసా సంగతి ఆఫీసువాళ్లు చూస్తారు, నువ్వు దారి చూడు," అని బాబా పాస్‌పోర్టు తీసుకున్నాడు. నాగప్ప దారి చూశాడు. ఐదో తరగతితో బడి మానేసినవాడు, మ్యాపులో ఇంగ్లీషు పేర్లు ఒక్కో అక్షరం కూడబలుక్కుని బట్టీ పట్టాడు.

"మధ్యలో చానల్ దాటాలంట," అన్నాడొకరోజు వంటింట్లో. "మా కేసీ కాలవ మాదిరి ఉంటాదనుకుంటి. సూస్తే సముద్రం."

"ఆయ్, దానికంత బెంగెందుకండీ అన్నయ్యగారూ," అంది లూర్దమ్మ ఉల్లిపాయలు తరుగుతూ. "మా సఖినేటిపల్లి రేవులో కార్లని పంటు మీద ఎక్కించట్లేదా? అదీ అంతే. కాపోతే మీ పంటులో కాఫీ ఇస్తారు."

"నీకేం తల్లీ. నా లీవులో ఊరికి పోతాండావు, ఎన్ని మాటలైనా సెప్తావు."

"నేనడిగానేంటండీ? మీరే కదా దొరల దేశం చూడాలన్నది."

నాగప్ప మళ్లీ మ్యాపు తెరిచాడు.

ఒక దారి ఖాయమయ్యేలోపు ఇంకొకటి పుట్టేది. మేడమ్, అంటే బాబా భార్య, ఓడ వద్దంది, కడుపులో తిప్పుతుందట. సరే, సముద్రం కింద సొరంగంలో కారుతో సహా రైలెక్కే దారి చూశాడు. సొరంగమంటే భయమని చిన్నకూతురు ఏడ్చింది. మళ్లీ ఓడ. నాగప్ప ఒళ్లు మండిపోయేది. పగలంతా చూస్తే దోహాలోనే దారి దొరకదు. కప్పు పేరుతో రోడ్లన్నీ తవ్వి పెట్టారు. అల్ తుమామా స్టేడియం దగ్గర నిన్న తిరిగిన మలుపు ఇవాళ ఉండదు. బడి నుంచి పిల్లలను తేవడం ఆలస్యమైతే మేడమ్ తిట్లు. ఆ చిరాకంతా మింగి సాయంత్రం మళ్లీ కాంటర్‌బరీలో మొదలయ్యేవాడు.

ప్రయాణం వారంలోకి వచ్చాక బాబా పిలిచి పాస్‌పోర్టు చేతిలో పెట్టాడు.

"నాగప్పా, వీసా మాఫీ."

వాళ్ల అరబ్బీలో లేదు అని. ఆఫీసువాళ్లు ఆలస్యంగా కదిలారు, తేదీలు దొరకలేదు. ఖతరీలకు అలవాటైన దారి వేరు, నాగప్ప పాస్‌పోర్టుకు ఉన్న దారి వేరు. ఆ సంగతి ఎవరూ ముందు ఆలోచించలేదు. అక్కడే డ్రైవరును మాట్లాడుకున్నామనీ, చూసిపెట్టిన దారి మొత్తం తన ఫోనుకు పంపమనీ అన్నాడు బాబా. మాటలో కోపం లేదు, నొచ్చుకోవడమూ లేదు. టీ చల్లారిందని చెప్పినట్టు చెప్పాడు.

నాగప్ప గదికొచ్చి భార్య సుంకమ్మకు ఫోను చేశాడు. "వీసా మాఫీ అనె," అన్నాడు. కోపంలో బాబా మాటే నోటికొచ్చింది. ఇంకో మాట అనేలోపు బొమ్మ ఆగిపోయి లైను తెగింది. మళ్లీ కలవలేదు.

పొద్దున్నే బామ్మర్ది ఈరన్న ఫోను. "బావా, నీకు వీసా మాఫీ చేసినారంట గదా. మా యక్క ఊరంతా సెప్పింది. మా అప్పులకే మాఫీ ల్యాదు, నీకు వీసాకే మాఫీనా? రాజువప్పా నువ్వు."

నాగప్పకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. ఫోను పెట్టేసి సుంకమ్మకు కలిపాడు.

"ఏమయ్యా, బట్టలు సర్దుకున్యావా? ఆడ సలి అంట గదా."

"సుంకీ, మాఫీ అంటే మనూర్లో మాదిరి కాదు. ఈడ మాఫీ అంటే ల్యాదు అని. వీసా రాల్యా. నేను పోల్యా."

సుంకమ్మ వెనక కోడి అరుస్తోంది.

"పోతే పోనీలే. అట్లయితే జులైలో ఇంటికే వస్తావు గదా. పిల్లోనికి పుట్టెంట్రుకలు తీయిద్దాం."

"జులై లూర్దమ్మకు పాయె. టికెట్టు గూడా తీసుకునె. ఆమె వచ్చినాక కప్పు పనులు. కప్పు అయ్యేదాంక ఎవరినీ పంపీరు."

"అంటే లీవు?"

"లీవూ మాఫీ."

ఈసారి ఆ మాట సుంకమ్మకు సరిగ్గానే అర్థమైంది. రెండు భాషల్లోనూ దానికి ఒకటే అర్థం.

"పిల్లోని తల్లో సెమటకు పుండ్లు లేస్తాండాయి," అంది చివరికి. "ఇంక ఆపలేమయ్యా. సోమారం ఎంట్రుకలు ఎత్తిచ్చేస్తాం. ఫోన్లో సూడు."

బయట బాబా హారను కొట్టాడు. పెట్టెలు కొనడానికి పోవాలట.